జింకు చుట్టూ ఆరు నీటి అణువులు

వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో వరి వేసే రైతులకు జింక్ సల్ఫేట్‌ను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే జింకు లోపమని గుర్తుపడతారు. ఆఖరి దుక్కిలో ఎకరానికి 20 కిలోలు వేస్తారు. ఎరువుల దుకాణంలో దొరికే ఆ లవణాన్నే బాగా శుద్ధి చేసి నీటిలో కరిగిస్తే, నేడు అనేక దేశాల ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్న రీచార్జబుల్ బ్యాటరీకి కావలసిన విద్యుద్విశ్లేష్యం, అంటే లోపల అయాన్లను (ఆవేశమున్న కణాలను) అటూ ఇటూ మోసే ద్రావణం, తయారవుతుంది. ఒక వైపు జింకు రేకు, మరో వైపు మాంగనీస్ డయాక్సైడ్, నడుమ ఈ ద్రావణం. నిప్పంటుకునే ద్రవం అందులో ఎక్కడా లేదు.

ఇలాంటి బ్యాటరీ అవసరం రామగుండంలో బాగా అర్థమవుతుంది. అక్కడి ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2022 నుంచి పూర్తి స్థాయిలో పనిచేస్తోంది. పొద్దు గుంకితే దాని ఉత్పత్తి ఆగిపోతుంది. ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, కూలర్లు అన్నీ నడిచేది ఆ తర్వాతే. పగటి కరెంటును రాత్రికి దాచే బ్యాటరీ తేలికగా ఉండాల్సిన పనిలేదు. చవకగా ఉండాలి, అగ్నిప్రమాదానికి తావివ్వకూడదు, ఏళ్ల తరబడి పనిచేయాలి. ఫోన్లకు లిథియమే సరి. ఒకచోట కదలకుండా ఉండే బ్యాటరీకి మాత్రం జింకు మీద గట్టిగా శ్రమ పెట్టాలన్నది నా అభిప్రాయం. సిద్ధాంతం ప్రకారం గ్రాము జింకు 820 మిల్లీఆంపియర్-అవర్ల చార్జిని ఇవ్వగలదు.

చిక్కంతా నీటితోనే. ద్రావణంలో ప్రతి జింకు అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు పట్టుకొని ఉంటాయి. చార్జింగ్ సమయంలో ఆ అయాన్ రేకు మీదికి చేరి లోహంగా మారాలంటే వాటిని వదిలించుకోవాలి. రెండు ధనావేశాలున్న అయాన్ లాగుడుకు ఆ నీటి అణువుల్లోని బంధాలు ముందే సడలి ఉంటాయి కాబట్టి, రేకు దగ్గర అవి తేలికగా విడిపోయి హైడ్రోజన్ వాయువును వదులుతాయి. సెల్ ఉబ్బుతుంది. మిగిలిన హైడ్రాక్సైడ్ అయాన్లు జింకుతో, సల్ఫేట్‌తో కలిసి రేకు మీద తెల్లని పొరగా పేరుకుంటాయి. ఆ పొర కరెంటుకు అడ్డం. దాంతో జింకు ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా పేరుకుంటుంది. ఎత్తుగా లేచిన మొన దగ్గర విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది, అయాన్లు అటే వెళతాయి, మొన ఇంకా పెరుగుతుంది. చివరికి అది ముల్లులా, రెండు వైపులనూ వేరుచేస్తూ నడుమ ఉంచిన పల్చని తెరను చీల్చుకొని అవతలి వైపు తాకితే సెల్ షార్ట్ అయి పనికిరాకుండా పోతుంది.

ద్రావణంలో కొద్దిగా మరో పదార్థం కలిపి దీన్ని ఆపాలన్న ఆలోచన పాతదే. ఒకప్పటి డ్రైసెల్‌లలో జింకుకు పాదరసం పూసేవారు, హైడ్రోజన్ పుట్టకుండా. పాదరసం విషం కనుక దాన్ని వదిలేశారు. ఇప్పుడు అదే పనికి వాడి చూస్తున్న వాటిలో గ్లూకోజ్ ఒకటి! 2021లో వచ్చిన పరిశోధన ప్రకారం, అతి కొద్ది మోతాదు గ్లూకోజ్ రెండు పనులు చేస్తుంది: జింకు అయాన్ చుట్టూ ఉన్న నీటిలో కొంత భాగాన్ని తొలగించి తాను చేరుతుంది, రేకు ఉపరితలానికి అంటుకొని నీటిని దూరం పెడుతుంది. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే సేంద్రియ ద్రావణి కూడా నీటికంటే గట్టిగా జింకును పట్టుకుంటుంది. సోడియం సల్ఫేట్ దారి వేరు. సోడియం అయాన్లు లోహంగా మారకుండానే మొనల చుట్టూ గుమిగూడి, కొత్తగా వచ్చే జింకును పక్కకు మళ్లిస్తాయి. అవతలి మాంగనీస్ డయాక్సైడ్ కరిగిపోకుండా, ద్రావణంలో ముందుగానే కొంత మాంగనీస్ సల్ఫేట్ కలుపుతారు. 2016లో ప్రచురితమైన ఒక సెల్ ఆ విధంగా 5000 సార్లు చార్జ్ అయినా 92 శాతం సామర్థ్యం నిలుపుకొంది.

మోతాదు పెరిగితే మాత్రం మేలు కాస్తా కీడవుతుంది. ద్రావణం చిక్కబడి అయాన్ల కదలిక మందగిస్తుంది. సేంద్రియ ద్రావణిని ఎక్కువగా పోస్తే, ఏ అగ్నిభయం వద్దని నీటిని ఎంచుకున్నామో అదే తిరిగొస్తుంది.

వేలసార్లు నడిచిందన్న అంకెను చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. చాలా ప్రయోగాల్లో రేకు అవసరానికి ఎన్నో రెట్లు మందంగా ఉంటుంది, కాబట్టి పోయిన జింకు లెక్కలోకి రాదు. అదనపు జింకు లేని సెల్‌లో ప్రతిసారీ జింకులో 99 శాతమే తిరిగొస్తే, 100 సార్లకు మిగిలేది దాదాపు 37 శాతం. 99.9 శాతమైతే 90. ఆ చిన్న తేడా కోసమే ఈ కలపడాలన్నీ.

ప్రయోగశాలలో లిథియం సెల్ కూర్చడానికి, గాలీ తేమా తగలకుండా ఆర్గాన్ వాయువు నింపిన ప్రత్యేకమైన పెట్టె కావాలి. జింకు సెల్‌ను మామూలు గాలిలోనే బల్లమీద కూర్చవచ్చు. వరంగల్ ఎన్ఐటీకే కాదు, పొటెన్షియోస్టాట్ (సెల్ వోల్టేజీని అదుపు చేస్తూ కరెంటును కొలిచే పరికరం) ఉన్న ఏ డిగ్రీ కళాశాలకైనా ఇది అందుబాటులో ఉన్న పరిశోధన. ఎక్కువ పరీక్షలు 25 డిగ్రీల దగ్గరే జరుగుతాయి. రామగుండంలో మే నెల ఎండ ఒక్కోసారి 45 దాటుతుంది. వేడికి నీరు విడిపోవడం, జింకు తినుకుపోవడం రెండూ వేగం పుంజుకుంటాయి. మన దగ్గర చేసే పరీక్ష పల్చని రేకుతో, 45 డిగ్రీల దగ్గర జరగాలి. సెల్‌ను పూర్తిగా చార్జ్ చేసి, కొన్ని రోజులు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఎంత చార్జి మిగిలిందో కొలవాలి.