చలిలో సైకిల్, జాకెట్‌లో ఉక్కపోత

చలికాలం పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్ళకి ఇబ్బంది రెండు వైపుల నుంచీ వస్తుంది. మామూలు స్వెట్టర్ వేసుకుంటే ఎదురుగాలి నేరుగా ఛాతీకి తగిలి గజగజ వణికిస్తుంది. పోనీ గాలి చొరబడని రెయిన్ జాకెట్ వేసుకుందామంటే కాసేపటికే లోపల ఉక్కపోసి బనియన్ తడిసి ముద్దవుతుంది. ఆ తడితో పల్లంలోకి దిగినా, సిగ్నల్ దగ్గర ఆగినా, ఒంటి మీద జాకెట్ లేనట్టే చల్లబడిపోతాం. గాలి లోపలికి రాకూడదు, చెమట మాత్రం బయటికి పోవాలి: రెండు పనులూ ఒకే గుడ్డ చెయ్యాలని అడుగుతున్నాం. కంపెనీలు రెండూ కుదురుతాయంటూ ట్యాగ్ మీద పెద్ద పెద్ద అంకెలు వేస్తాయి. వాటిలో ఏది పనికొస్తుందో తెలియాలంటే ముందు ఒంటి వేడి లెక్క చూడాలి.

కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లో దాదాపు 100 వాట్ల వేడి పుడుతుంది. సైకిల్ ఎక్కగానే ఆ లెక్క మారిపోతుంది. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడల్‌కి చేరేది 20 నుంచి 25 శాతమే. మిగతాదంతా వేడిగా మారుతుంది. ఓ మోస్తరు జోరుతో, అంటే పెడల్ మీద 150 వాట్లు పెట్టి తొక్కుతుంటే, ఒంట్లో 500 వాట్ల దాకా వేడి పుడుతూ ఉంటుంది. అది ఎప్పటికప్పుడు బయటికి పోవాల్సిందే. పోయే దారులు ముఖ్యంగా రెండు: తగిలే చల్లగాలి పట్టుకుపోవడం, చెమట ఆవిరవడం. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి దానితో పోతుంది. జాకెట్ గాలిని పూర్తిగా ఆపేసి మొత్తం భారం చెమట మీద పెట్టిందనుకోండి, గంటకి ముప్పావు లీటరు చెమట ఆవిరై గుడ్డ దాటాలి. ఇది చాలా పెద్ద పని.

ఇక గాలి సంగతి. 1941లో అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి ఆరుబయట వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడతాయో కొలిచారు. వాతావరణ వార్తల్లో వినే విండ్ చిల్ లెక్కకి, అంటే గాలి వల్ల ఒంటికి చలి ఎంత ఎక్కువగా తగులుతుందో చెప్పే లెక్కకి, మొదలు అదే. ఇప్పుడు వాడే సూత్రాన్ని కెనడా, అమెరికా కలిసి 2001లో తయారుచేశాయి. ఆ సూత్రం ప్రకారం 5 డిగ్రీల చలిలో 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, కప్పుకోని ముఖానికి అది 0 డిగ్రీల చలిలా తగులుతుంది. సైకిల్ తొక్కేవాళ్ళు ఇక్కడ ఓ విషయం గమనించాలి. ఆ సూత్రంలో గాలి వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో కొలిచినది. ముఖం ఉండే ఎత్తులో అందులో మూడింట రెండొంతులే ఉంటుందని లెక్కగడతారు. కానీ 30తో తొక్కేవాడి ముఖానికి ఏ తగ్గింపూ లేకుండా 30 మొత్తం తగులుతుంది. కాబట్టి సైకిల్ వేగాన్ని నేరుగా సూత్రంలో పెడితే వచ్చే అంకె కన్నా అసలు చలి ఇంకాస్త ఎక్కువే.

పైగా గాలి గుడ్డ మీద తోసే ఒత్తిడి వేగంతో పాటు సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. గంటకి 30 కిలోమీటర్ల దగ్గర ఛాతీ మీద ఒత్తిడి 43 పాస్కల్‌లు ఉంటే, దిగుడులో 60 అందుకునేసరికి అది నాలుగింతలై 170 దాటుతుంది. ఉన్ని స్వెట్టర్‌నీ ఫ్లీస్‌నీ వెచ్చగా ఉంచేది వాటి పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఈ ఒత్తిడికి ఆ గాలి కాస్తా కొట్టుకుపోతుంది. అందుకే నడిచేటప్పుడు హాయిగా ఉన్న స్వెట్టర్ సైకిల్ మీద ఎందుకూ కొరగాదు. దాని మీద కాగితమంత పల్చటి గాలి చొరబడని పొర వేస్తే చాలు, అదే స్వెట్టర్ మళ్ళీ పనిచేస్తుంది.

ఆ పొరని మూడు రకాలుగా చేస్తున్నారు. మొదటిది ఒత్తుగా నేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్, చల్లటి సముద్రంలో పడిపోయే పైలట్ల కోసం వెంటైల్ అనే నూలు గుడ్డ తయారుచేసింది. పొడుగు పింజ పత్తిని ఎంత చిక్కగా నేశారంటే, పొడిగా ఉన్నప్పుడు గాలిని బాగా ఆపుతుంది, తడిస్తే పోగులు ఉబ్బి నీళ్ళని కూడా నిలువరిస్తుంది. ఇప్పటి పల్చటి నైలాన్ విండ్ జాకెట్లు చాలావరకు అదే దారిలో, సన్నటి పోగులతో నేసినవే. రెండోది సూక్ష్మ రంధ్రాల మెంబ్రేన్, అంటే పల్చటి పొర. 1969లో అమెరికాలో బాబ్ గోర్, నాన్‌స్టిక్ పెనాల మీద పూసే పీటీఎఫ్‌ఈ కడ్డీలని వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే అవి తెగిపోతూ వచ్చాయి. ఒకదాన్ని ఒక్కసారిగా గుంజితే తెగకుండా ఎన్నో రెట్లు సాగి, లోపలంతా గాలి గదులతో నిండింది. 1976లో గోర్‌టెక్స్ పేరుతో బజారుకి వచ్చిన పొర ఇదే. ఆ రంధ్రాల్లోంచి నీటి చుక్క దూరలేదు, ఆవిరి అణువు సులువుగా దూరుతుంది. గాలి వాటి వంకర టింకర దారుల్లో చిక్కుకుపోతుంది. మూడోది పాలీయురెథేన్ పొర. దీనికి రంధ్రాలే ఉండనక్కర్లేదు. ఆవిరి అణువులు తడి ఎక్కువున్న వైపు పొరలోకి ఇంకి, పొడిగా ఉన్న వైపు బయటపడతాయి.

ట్యాగ్ మీద ఎక్కువగా కనపడే అంకె 10,000 అనో 20,000 అనో ఉంటుంది. చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో అన్ని గ్రాముల ఆవిరిని పంపగలదని అర్థం. 10,000 అంటే గంటకి 417 గ్రాములు, 20,000 అంటే 833. మొండెం, చేతులు కప్పే గుడ్డ ఒక చదరపు మీటరుకి కాస్త తక్కువ అనుకున్నా, పైన చూసిన ముప్పావు లీటరు చెమటకి 20,000 సరిపోతుందనిపిస్తుంది. కానీ ఈ అంకె రాబట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. జపాన్ ప్రమాణాల్లో బాగా వాడే ఒక పద్ధతిలో గుడ్డ ఒక వైపు నీళ్ళని తాకుతూ ఉంటుంది, రెండో వైపు తేమని గట్టిగా పీల్చే పొటాషియం అసిటేట్ ద్రావణం ఉంటుంది. మీ వీపు వెనక అలా పీల్చేదేమీ ఉండదు కదా. ఏ పద్ధతిలో కొలిచారో రాయకుండా అంకె ఒక్కటే వేస్తే, రెండు కంపెనీల జాకెట్లని దాన్నిబట్టి పోల్చడం దండగ.

ఆవిరిని గుడ్డ ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఆర్‌ఈటీ అనే ఇంకో కొలత ఉంది. ఇది తక్కువ ఉంటే మంచిది: 6 లోపు ఉంటే ఆవిరి చాలా సులువుగా పోతుంది, 20 దాటితే కష్టపడి తొక్కేవాళ్ళకి ఇబ్బందే. చెమట పట్టే చర్మంలా తడిసిన వేడి పలక మీద గుడ్డ పరిచి దీన్ని కొలుస్తారు. ట్యాగ్ అంకెల్లో నేను ఎక్కువ విలువిచ్చేది దీనికే. అయినా ఒక్క లోటుంది. ఆ పరీక్షలో పలక 35 డిగ్రీల దగ్గర ఉంటుంది, చుట్టూ గాలి కూడా 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే చలి కోసం కొనే గుడ్డకి చలి లేని గదిలో పరీక్ష జరుగుతోంది. చలిలో జరిగే అసలు కథ అందులో కనపడదు.

ఆ కథ కళ్ళారా చూడాలంటే, ఓ చల్లటి పొద్దున గట్టిగా తొక్కి వచ్చాక జాకెట్ విప్పి చేతులు లోపలి వైపు తిరగేసి చూడండి. మోచేతికి, మణికట్టుకి మధ్య సన్నటి చుక్కలు పేరుకుని, వేలితో రాస్తే నీటి చార పడుతుంది. ఛాతీ మీద కూడా తడి ఉంటుంది. అదే వీపు వైపు అంత కనపడదు. చెమట ఎక్కువ పట్టేదేమో వీపుకి! కారణం గాలే. ముందు నుంచి తగిలే గాలి జాకెట్ బయటి ముఖాన్ని చల్లబరుస్తూనే ఉంటుంది. పల్చటి గుడ్డ కాబట్టి లోపలి ముఖం కూడా దాదాపు బయటంత చల్లగా అయిపోతుంది. చెమట ఆవిరి ఆ చల్లటి గోడకి తగలగానే, ఫ్రిజ్ నీళ్ళు పోసిన గ్లాసుకి పట్టినట్టు నీరైపోతుంది. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 30 గ్రాముల ఆవిరిని మోయగలదు, 5 డిగ్రీల దగ్గర 7 గ్రాములు కూడా మోయలేదు. ఆ తేడా అంతా జాకెట్ లోపలే నీరుగా దిగిపోతుంది. గుడ్డ ఎంత మంచిదైనా, ఆవిరి నీరుగా మారాక ఆ నీటిని మళ్ళీ బయటికి పంపడానికి చాలాసేపు పడుతుంది.

అందుకే, చలిలో సైకిల్ తొక్కేవాడి జాకెట్‌కి ముఖ్యమైన ప్రశ్న గుడ్డ ఎంత ఆవిరి పంపుతుందన్నది కాదని నా గట్టి అభిప్రాయం. గాలిని ఎక్కడ ఆపుతోంది, ఎక్కడ వదిలేస్తోంది అన్నదే అసలు ప్రశ్న. లెక్క చూడండి. జాకెట్ లోపలి నుంచి సెకనుకి ఒక లీటరు తేమ గాలి బయటికి పోయి, దాని బదులు 5 డిగ్రీల పొడిగాలి వస్తే, గంటకి దాదాపు 90 గ్రాముల తేమ పోయినట్టు. మెడ దగ్గర జిప్ నాలుగు వేళ్ళ పొడుగున తెరిస్తే సెకనుకి కొన్ని లీటర్ల గాలి ఇట్టే లోపలికి వస్తుంది. ఆ పని చెయ్యడానికి మెంబ్రేన్ నానా తంటాలు పడాలి. అయితే వచ్చిన గాలికి పోయే దారి కూడా ఉండాలి. ముందుకు వంగి తొక్కుతున్నప్పుడు ఛాతీ వైపు ఒత్తిడి ఎక్కువ, వీపు వైపు తక్కువ. వీపు మీద జాలీ గుడ్డో, గాలి ఆడే అల్లికో ఉంటే, ఆ తేడాయే లోపలి తేమని వెనక నుంచి లాగేస్తుంది.

పాతకాలపు రేసర్లు ఈ సంగతి ఎప్పుడో పట్టేశారు. కొండ ఎక్కడం పూర్తయ్యాక, దిగే ముందు జెర్సీ లోపల ఛాతీకి న్యూస్‌పేపర్ దోపుకునేవాళ్ళు. వీపు ఖాళీగా వదిలేసేవాళ్ళు. కింద దాకా వచ్చాక తీసి పారేసేవాళ్ళు. ముందు వైపు, చేతుల ముందు భాగం విండ్‌ప్రూఫ్, వీపు, చంకలు గాలి ఆడే గుడ్డ: కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఈ అమరికే.

గుడ్డ గాలిని ఎంత వదులుతుందో చెప్పే అంకె సీఎఫ్‌ఎం. 125 పాస్కల్‌ల ఒత్తిడి దగ్గర, చదరపు అడుగు గుడ్డ నుంచి నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతుందో కొలుస్తారు. ఆ ఒత్తిడి సుమారు 50 కిలోమీటర్ల వేగంతో తగిలే గాలికి సమానం, అంటే గట్టి దిగుడు వేగం. సాధారణంగా 1 లోపు ఉంటే విండ్‌ప్రూఫ్ అంటారు. ఎత్తులెక్కుతూ కష్టపడి తొక్కేవాళ్ళకి అంత బిగుసు అక్కర్లేదు. మెంబ్రేన్ లేకుండా, కాస్త గాలి వదిలే నైలాన్ నేతే వాళ్ళకి హాయి. ఈ అంకె ట్యాగ్ మీద దొరక్కపోతే, గుడ్డని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతల అరచేతికి ఏమీ తగలకపోతే పూర్తి విండ్‌ప్రూఫ్. సన్నగా తగిలితే నేసిన విండ్ జాకెట్. ధారాళంగా వస్తే అది వీపు వైపుకి మాత్రమే పనికొస్తుంది.

ఇక మీరు ఎలా తొక్కుతారన్నది చూసుకోండి. నిదానంగా అరగంట ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకి వేడి తక్కువ పుడుతుంది, వాళ్ళు కాస్త మందం లైనింగ్ ఉన్న జాకెట్ వేసుకున్నా ఉక్కపోయదు. గట్టిగా తొక్కేవాళ్ళు థర్మామీటర్ చూసి కొంటే మోసపోతారు. బయల్దేరిన మొదటి పది నిమిషాలు కాస్త చలేస్తోందంటే వాళ్ళ బట్టలు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కుడు, దిగుడు రెండూ ఉన్న దారైతే ఇంకా చిక్కు. ఎక్కేటప్పుడు ఒళ్ళు కాగిపోతుంది, తగిలే గాలి ఉండదు. దిగేటప్పుడు పెడల్ తొక్కే పనే ఉండదు, గాలి మాత్రం విరుచుకుపడుతుంది. అలాంటి దారికి మందపాటి జాకెట్ కన్నా, మడిచి జేబులో పెట్టుకోగల పల్చటి విండ్ జాకెట్టో, చేతుల్లేని వెస్టో మేలు. వెస్ట్ మొండేన్నే కాపాడుతుంది కదా, చేతుల మాటేమిటి అనుకోవద్దు. మొండెం చల్లబడితే ఒళ్ళు వేళ్ళకి రక్తం తగ్గిస్తుంది. ఛాతీ వెచ్చగా ఉంటే వేళ్ళూ తొందరగా మొద్దుబారవు.

వానకని, చలికని కలిపి ఒకే రెయిన్ జాకెట్ కొనే ఆలోచన చాలామందికి వస్తుంది. వాన ఎక్కువగా పడని చోట నేను వద్దనే అంటాను. కుట్లకి టేపు వేసి, నీళ్ళని పూర్తిగా ఆపేలా చేసిన జాకెట్‌లో గాలి ఆడే చోటే మిగలదు.

వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏమీ తెలియదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి, చేతులు చాచండి. నడుము దగ్గర వీపు బయటపడకూడదు, మణికట్టు గ్లోవ్‌కి దూరంగా జరగకూడదు, పొట్ట దగ్గర గుడ్డ ముడతలుగా పోగుపడకూడదు. నిలబడ్డప్పుడు ముందు భాగం పొట్టిగా, చేతులు పొడుగ్గా అనిపిస్తే సైకిల్‌కి సరైన కత్తిరింపే. వదులుగా ఉండి రెపరెపలాడే జాకెట్ వేగాన్ని తగ్గిస్తుంది. ఆ రెపరెపల్లోనే లోపలి వెచ్చటి గాలి కూడా బయటికి పోతుంది. గ్లోవ్స్ వేసుకుని జిప్ లాగి చూడండి, పట్టు దొరక్కపోతే దారిలో దాన్ని తెరవలేరు. లోపల కాటన్ బనియన్ వద్దు. అది చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది. పల్చటి పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని ఒంటికి ఆనుకుని ఉండాలి.

కొన్నాక ఉతకడం గురించి ఒక్క మాట. బయటి ముఖం మీద నీళ్ళు జారిపోయేలా పూసే పూతలో ఇన్నాళ్ళూ ఫ్లోరిన్ రసాయనాలు వాడేవారు. అవి ప్రకృతిలో ఏళ్ళ తరబడి విరగకుండా ఉండిపోతాయి కాబట్టి నిషేధాలు వస్తున్నాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, కొద్ది మినహాయింపులతో, అలాంటి బట్టలు కొత్తవి అమ్మకూడదు. ఫ్లోరిన్ లేని కొత్త పూతలు నీటిని బాగానే జారుస్తాయి కానీ నూనెని ఆపలేవు. ఒంటి జిడ్డు, చైన్ ఆయిల్ పట్టిన చోట గుడ్డ నీళ్ళు పీల్చుకుంటుంది, తడిసిన చోట ఆవిరి దాటడం కష్టమవుతుంది. కాబట్టి ఇలాంటి జాకెట్‌ని పాతవాటికన్నా తరచుగా ఉతకాలి. తక్కువ లిక్విడ్ సబ్బు వేసి, రెండుసార్లు మంచినీళ్ళలో జాడించాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు వెయ్యకూడదు, గుడ్డ మీద అది వదిలే పొర నీళ్ళని పట్టి ఉంచుతుంది. లేబుల్ మీద అనుమతి ఉంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఆరబెడితే పూత మళ్ళీ పనిచేస్తుంది. అప్పుడు జాకెట్ చేతి మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. గుండ్రంగా దొర్లిపోతే సరే. ఉతికి ఆరబెట్టాక కూడా ఇంకిపోతుంటే, పూత మళ్ళీ వేయించుకోవాలి.