మోకాలి వాపుకు అల్ట్రాసౌండ్: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో రేడియాలజిస్టుగా మోకాళ్లకు తరచూ స్కాన్ చేస్తుంటాను. కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చేవాళ్ల గురించి నాకు మరీ బెంగ. ఎందుకో చివర్లో చెబుతాను.

అపోహ: ఎక్స్‌రే బాగుందన్నారు, ఇక మోకాలికి ఏమీ లేనట్టే.

వాస్తవం: ఎక్స్‌రేలో బాగా కనిపించేది ఎముక. వాపు వచ్చేది కీలు లోపలి పొరకు, అంటే సైనోవియానికి. ఆ పొర మందమైనా, కొద్దిగా నీరు చేరినా అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. మోకాలి కింద దిండు పెట్టి, కాలు సుమారు 30 డిగ్రీలు వంచి, చిప్పకు పైభాగంలో చూస్తాం. ప్రోబ్‌తో, అంటే చర్మం మీద ఆనించే స్కాన్ పరికరంతో, మెల్లగా నొక్కితే నీరు పక్కకు జరుగుతుంది, మందమైన పొర కదలదు. తర్వాత రక్తప్రసరణను చూపే పవర్ డాప్లర్ పెడతాం. పొరలో రక్తప్రసరణ పెరిగి ఉంటే రంగు చుక్కలు కనిపిస్తాయి. వాపు ఇప్పుడు చురుగ్గా ఉందని దానర్థం. ఇక్కడ ప్రోబ్‌ను అదిమితే సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, ఉన్న చుక్కలు కూడా మాయమవుతాయి. అందుకే మెషీన్ ఎంత ఖరీదైనదైనా, చేసేవారి చెయ్యి తేలిగ్గా ఉండాలి. చుక్కలు కనబడనంత మాత్రాన వాపు లేదని నేను రిపోర్టు రాయను.

అపోహ: నీరు కనిపించిందిగా, జబ్బేదో తేలిపోయింది.

వాస్తవం: అరుగుదల, రుమటాయిడ్, గౌట్, ఇన్ఫెక్షన్, దేనిలోనైనా నీరు చేరవచ్చు. గౌట్‌లో గుజ్జు పైన యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకుని రెండో గీతలా కనిపిస్తే అది మంచి ఆధారమే. చీము పట్టిందా అన్నది మాత్రం సూదితో నీరు తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. జ్వరంతో మోకాలు ఎర్రగా వాచి, కాలు కదపలేకపోతే స్కాన్ తేదీ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పరగడుపున రావాలా అని అడుగుతారు. అక్కర్లేదు, తినే రండి. లోపలి లిగమెంట్ తెగిందని అనుమానం ఉంటే మాత్రం ఎంఆర్‌ఐ కావాలి.

అపోహ: నొప్పి బిళ్ళతో తగ్గుతోంది, స్కాన్ దండగ.

వాస్తవం: కవిటి, సోంపేట, పలాస ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. అందుకే అక్కడివాళ్ల నోట ఈ మాట వింటే నాకు భయం. డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు కిడ్నీలకు చేటు చేస్తాయి. కిడ్నీ దెబ్బతిన్నవారికి యూరిక్ యాసిడ్ పేరుకుని గౌట్ వచ్చే అవకాశమూ ఎక్కువే. మామూలుగా ఈ స్కాన్‌కు కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఉండదు, రేడియేషన్ అసలే లేదు. కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నా ధైర్యంగా చేయించుకోవచ్చు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి. ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా చెప్పండి, ఎందుకంటే వాటి ప్రభావంతో స్కాన్‌లో వాపు తక్కువగా కనిపించవచ్చు.