నెత్తుటి చుక్కకు రెండు తూకాలు

పుట్టిన ఒకటి రెండు రోజులకు బిడ్డ మడమ మీద చిన్నగా గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలు దళసరి వడపోత కాగితం మీద ఆరబెడతారు. ఆ మచ్చలోంచి తీసిన 3 మిల్లీమీటర్ల బిళ్ల చాలు, డజన్ల కొద్దీ జన్యు వ్యాధుల జాడ దొరుకుతుంది. చిత్రమేమిటంటే, ఈ పరీక్షలో జన్యువు జోలికే పోరు. అది చెడితే రక్తంలో ఏం పేరుకుందో చూస్తారు.

పీకేయూ అనే వ్యాధిలో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసిన్‌గా మార్చే ఎంజైమ్ పనిచేయదు. మిగిలిపోయిన ఫినైల్‌అలనిన్ మెదడును దెబ్బతీస్తుంది. పుట్టినప్పుడు బిడ్డ చక్కగానే ఉంటుంది. లక్షణాలు బయటపడేసరికే ఆలస్యమైపోతుంది. మొదటి వారాల్లోనే ఆహారం మారిస్తే మెదడు దక్కుతుంది. 1960ల్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ దీన్ని బ్యాక్టీరియా సాయంతో పట్టేశాడు. తెలివైన పద్ధతే, కానీ ఒక్కో జబ్బుకు ఒక్కో పరీక్ష కావాలి. 1990లలో ఈ పరీక్షల్లోకి వచ్చిన టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ ఆ లెక్క మార్చేసింది.

ఇది అణువులను తూచే తక్కెడ. హైడ్రోజన్ పరమాణువును సుమారు 1 అనుకుంటే, ఫినైల్‌అలనిన్ బరువు 165. ప్రోటాన్ అంటుకుని విద్యుదావేశం వస్తే 166. మొదటి తూకం 166 ఉన్నవాటినే లోపలికి పోనిస్తుంది. అదే బరువున్న వేరే అణువు దూరితే? అందుకే వాటిని వాయువుతో ఢీకొట్టించి విరగ్గొట్టి, ముక్కలను మళ్లీ తూస్తారు. ఫినైల్‌అలనిన్ విరిగితే 120 బరువున్న ముక్క వస్తుంది. రెండు తూకాలూ కుదిరితేనే లెక్కలోకి తీసుకుంటారు. ఎంత ఉందో తేల్చడానికి, భార హైడ్రోజన్‌తో చేసిన దాని జంటను తెలిసిన మోతాదులో ముందే కలిపి పోల్చుకుంటారు. యంత్రంలో ఒక్కో బిడ్డ నమూనాను తూచడం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది.

నాకు బాగా నచ్చేది మరొకటి. కొవ్వులు కరిగే దారిలో ఏర్పడే ఎసైల్‌కార్నిటిన్లు చిన్నవైనా పెద్దవైనా విరిగితే 85 బరువున్న ముక్కనే ఇస్తాయి. రెండో తూకాన్ని 85 దగ్గర ఆపితే వాటి కుటుంబమంతా వరసగా బయటపడుతుంది. అందులో ఎనిమిది కార్బన్లది మితిమీరితే కొవ్వును కరిగించే ఎమ్‌కాడ్ అనే ఎంజైమ్ లోపించిందని అనుమానిస్తారు. అలాంటి బిడ్డకు ఎక్కువసేపు పాలు పట్టకపోతే ప్రాణం మీదికి రావచ్చు. వేళకు పట్టడమే ముఖ్యమైన వైద్యం.

అయితే తూకం మోసపోతుంది కూడా. ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాల బరువు ఒకటే, 131; మామూలుగా చేసే ఈ తూకాలతో వాటిని విడదీయలేరు. నెలలు నిండని పిల్లలకు నరం ద్వారా ఎక్కించే పోషకాలూ అంకెలను పెంచేస్తాయి. "మళ్లీ రక్తం ఇవ్వాలి" అని కబురొస్తే తల్లిదండ్రులకు టెన్షన్ సహజమే గానీ, అలా పిలిచిన పిల్లల్లో ఎక్కువమందికి జబ్బు ఉండదు. రెండో పరీక్షలోనూ అనుమానం నిలిస్తే అప్పుడు జన్యువును తెరిచి చదువుతారు.