ఎండలో కారు, లోపల కుక్క: అపోహలు - వాస్తవాలు

ఆ మధ్యాహ్నం ఒకాయన తన లాబ్రడార్‌ను రెండు చేతుల మీదా మోసుకుంటూ క్లినిక్‌లోకి వచ్చారు. ముప్పై కిలోల కుక్క. ఆయనకే ఊపిరి ఆడటం లేదు, అయినా కింద దించడం లేదు. టేబుల్ మీద పడుకోబెట్టి థర్మామీటర్ పెడితే అంకె రాలేదు, 'హెచ్' అన్న అక్షరం వచ్చింది. ఒంటి వేడి ఆ పరికరం కొలవగలిగే హద్దు దాటిపోయిందని దానర్థం. చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. నాలుక వెడల్పుగా ఉబ్బి పక్కకు వేలాడుతోంది. "పది నిమిషాలే డాక్టర్‌గారూ, పదే పది నిమిషాలు" అని ఆయన అంటూనే ఉన్నారు. ఆ తర్వాత జేబులోంచి పర్సు తీస్తుంటే పార్కింగ్ చీటీ కింద పడింది. దాని మీద కారు లోపలికి వచ్చిన సమయం ఉంది. లెక్క చూస్తే యాభై నిమిషాలు.

ఆయన నాతో అబద్ధం చెప్పారని నేననుకోను. పనిలో పడితే అందరికీ కాలం అలాగే జారిపోతుంది. పైగా కుక్క అంటే ఇష్టం లేనివాళ్లు దాన్ని కారెక్కించుకుని వెంట తీసుకెళ్లరు కదా. ఇలా కారులో చిక్కుకుని నా దగ్గరికి వచ్చినవన్నీ దాదాపుగా ముద్దుగా పెంచుకున్న కుక్కలే. అందుకే యజమానులను తిట్టడం మీద నాకు ఆసక్తి లేదు. వాళ్లు నమ్మే మాటలేమిటి, ఆ కారు పక్కనుంచి వెళ్లేవాళ్లు నమ్మే మాటలేమిటి అన్నదే నాకు ముఖ్యం.

అపోహ: బయట పెద్ద ఎండ లేదు, ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను

కారు అద్దాల్లోంచి వెలుగు సులువుగా లోపలికి వస్తుంది. డాష్‌బోర్డు, సీట్లు, స్టీరింగ్ దాన్ని పీల్చుకుని వేడెక్కి, చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తాయి. ఆ వేడి మాత్రం అద్దంలోంచి అంత సులువుగా బయటికి పోదు. 2005లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో దీని మీద ఒక పరిశోధన అచ్చయింది. కార్లలో మరిచిపోయిన పసిపిల్లల మరణాలను దృష్టిలో పెట్టుకుని చేసింది అది. బయట 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా ఎండ కాస్తే గంటలో కారు లోపల 47 డిగ్రీల దాకా వెళ్లింది. పెరిగే వేడిలో ఎక్కువ భాగం మొదటి పావుగంట, అరగంటలోనే పెరుగుతుంది. సుమారుగా చెప్పాలంటే పది నిమిషాల్లో 10 డిగ్రీలు, అరగంటలో 19 డిగ్రీలు ఎక్కుతుంది. అంటే బయట 35 ఉంటే, మీరు బిల్లింగ్ క్యూలో నిలబడి ఉండగానే లోపల 45 అయిపోతుంది.

చలికాలం కదా అని, గాలి చల్లగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. కారును వేడెక్కించేది ఎండ. బయటి గాలి చల్లదనం దాన్ని ఆపలేదు.

అపోహ: కిటికీ కొద్దిగా దించాను, నీళ్లు పెట్టాను, నీడలో ఆపాను

ఆ పరిశోధనలోనే కిటికీలు రెండు అంగుళాల లోపు దించి కూడా చూశారు. వేడెక్కే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీడ కదిలిపోతుంది. నీళ్లు తాగితే దాహం తీరుతుందేమో గానీ, పీల్చే గాలి నిప్పులా ఉంటే నీళ్లు ఏం చేస్తాయి? ఏసీ ఆన్‌లో పెట్టి వెళ్లామనేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ ఆగిపోవచ్చు, కొన్ని బండ్లు కాసేపటికి వాటంతట అవే ఆఫ్ అవుతాయి. కుక్క కాలు ఏ బటన్ మీద పడుతుందో చెప్పలేం. మనిషి పక్కన లేకుండా నడిచే ఏసీని నేనైతే నమ్మను.

అపోహ: కుక్కలు ఎండలో తిరిగేవే, మనకన్నా బాగా తట్టుకుంటాయి

నిజానికి మనకన్నా తక్కువ తట్టుకుంటాయి. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల కింది మెత్తల్లోనే, దానితో ఒళ్లు చల్లబడదు. దానికున్న అసలు దారి రొప్పడం. నాలుక మీద, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మూసిన కారులో ఈ దారి కూడా మూసుకుపోతుంది. ఎందుకంటే కుక్క రొప్పేకొద్దీ దాని ఊపిరిలోని ఆవిరే లోపలి గాలిలో చేరి ఉక్క పెరుగుతుంది. ఉక్క పెరిగితే నాలుక మీది తడి ఆరదు. తడి ఆరకపోతే చల్లబడదు, చల్లబడకపోతే ఇంకా గట్టిగా రొప్పుతుంది. ఆ కండరాల శ్రమతో ఇంకాస్త వేడి పుడుతుంది. ఉరి బిగిసినట్టే.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 41 దాటితే వడదెబ్బ కిందే లెక్క. ఈ రెంటికీ మధ్య ఉన్నది రెండు డిగ్రీలే. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి పొట్టిముక్కు కుక్కలకు గాలిదారి పుట్టుకతోనే ఇరుకు, రొప్పడమే కష్టం. లావుగా ఉన్నవి, ముసలివి, గుండె జబ్బు ఉన్నవి కూడా తొందరగా పడిపోతాయి.

అపోహ: ఇందాక రొప్పింది, ఇప్పుడు ప్రశాంతంగా పడుకుంది

ఈ మాట విన్నప్పుడల్లా నా గుండె జారిపోతుంది. మొదట కుక్క విపరీతంగా రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, అద్దాన్ని గీకుతుంది, సీట్ల మీద అటూ ఇటూ గెంతుతుంది. ఆ తర్వాత చొంగ చిక్కబడి నురగలా అవుతుంది. నడిస్తే తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, పిలిస్తే తల తిప్పదు. ఆపైన నిశ్శబ్దం. వేడిగా ఉన్న కారులో కదలని కుక్క నిద్రపోతోందని ఎప్పుడూ అనుకోవద్దు. అద్దం మీద తట్టండి. తల ఎత్తకపోతే ప్రాణం మీదికి వచ్చిందనే లెక్క.

అపోహ: ప్రాణం కోసం అద్దం పగలగొడితే ఎవరూ ఏమీ అనరు. మరికొందరి మాట: కారు ముట్టుకుంటే కేసే, మనకెందుకు

ఈ రెండూ ఒకే నాణేనికి బొమ్మాబొరుసూ. ఒకరు తొందరపడి రాయి ఎత్తుతారు, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడతారు. చట్టం ఈ రెంటికీ మధ్యలో ఉంది, అదీ దేశాన్ని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మామూలు మనుషులకూ రక్షణ ఇచ్చాయి. టెనెసీ 2015లో, ఫ్లోరిడా 2016లో ఆ దారి పట్టాయి. కాలిఫోర్నియా చట్టం 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం పెట్టిన షరతులు చూడండి. తలుపులు తాళం వేసి ఉండాలి, లేదా జంతువును బయటికి తీయడానికి వేరే మార్గం ఉండకూడదు. ప్రమాదం ముంచుకొచ్చిందని మనసా వాచా నమ్మాలి. పగలగొట్టే ముందే పోలీసులకో, ఫైర్ సర్వీసుకో, జంతు సంరక్షణ అధికారులకో ఫోన్ చేసి ఉండాలి. అవసరానికి మించి బలం వాడకూడదు. వాళ్లు వచ్చేదాకా కుక్కతో అక్కడే ఉండి, వచ్చాక అప్పగించాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోవచ్చు. మరికొన్ని రాష్ట్రాల్లో పోలీసుల్లాంటి అధికారులకు మాత్రమే ఆ అధికారం ఉంది.

ఇంగ్లండులో ఇందుకని విడిగా చట్టం లేదు. అక్కడ 1971 నాటి క్రిమినల్ డ్యామేజ్ చట్టం ఐదో సెక్షన్ అక్కరకొస్తుంది. పరిస్థితి తెలిసి ఉంటే యజమానే ఒప్పుకునేవాడని మీరు నిజాయితీగా నమ్మి ఉంటే, అది మీకు వాదన అవుతుంది. మంచి ఆలోచన అది. నా టేబుల్ దగ్గర ఏడ్చిన యజమానుల్లో ఒక్కరు కూడా "అద్దం ఎందుకు పగలగొట్టారు" అని అడిగేవాళ్లు కారు.

భారతదేశంలో కూడా కారులో చిక్కుకున్న జంతువుల కోసం విడిగా చట్టం లేదు. ఇతరుల ఆస్తికి కావాలని నష్టం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం. అయితే అదే సంహితలో 19వ సెక్షన్ ఉంది. చెడు ఉద్దేశం లేకుండా, మనిషికో ఆస్తికో జరగబోయే ఇంకో హానిని తప్పించడానికి సద్బుద్ధితో చేసిన పని నేరం కాదంటుంది. ఊరంతా అంటుకోకుండా మధ్యలో ఇళ్లు కూల్చినవాడిని ఉదాహరణగా చూపిస్తుంది. కుక్క చట్టం దృష్టిలో ఆస్తే కాబట్టి ఈ వాదన దానికీ వర్తిస్తుందని చెప్పుకోవచ్చు. కుక్కను ఆస్తి అనడం నాకు చివుక్కుమనిపిస్తుంది, కానీ ఇక్కడ ఆ మాటే దాన్ని కాపాడుతుంది. ఇది ముందే చేతికిచ్చిన అనుమతి పత్రం మాత్రం కాదు. కేసంటూ పెడితే మీ సద్బుద్ధిని మీరే చూపించుకోవాలి.

అందుకే నేను చెప్పే వరస ఎక్కడైనా ఒకటే. ముందు నాలుగు తలుపులూ, డిక్కీ లాగి చూడండి. ఎన్నిసార్లో ఒకటి తెరిచే ఉంటుంది. ఒకరిని దగ్గర్లోని షాపులోకో ఆఫీసులోకో పంపి కారు నంబరు మైకులో చెప్పించండి. ఇంకొకరు అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. మీరు కుక్కను వదలకుండా చూస్తూ, టైము తెలిసేలా దాని పరిస్థితిని ఒక నిమిషం వీడియో తీయండి. పక్కన ఉన్న ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. కుక్క లేచి తిరుగుతూ, పిలిస్తే పలుకుతూ ఉంటే సహాయం వచ్చేదాకా ఆగండి. తూలుతున్నా, కూలబడినా, స్పందించకపోయినా ఫోన్‌లో ఉన్న అధికారికి "కుక్క పడిపోయింది, తీయక తప్పదు" అని చెప్పి అప్పుడు పగలగొట్టండి.

అపోహ: ముందు అద్దం మీద గట్టిగా ఒక్కటిస్తే చాలు

ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు. బీటలు వారుతుంది తప్ప ఊడిరాదు. పక్క కిటికీలకు ఎక్కువగా టెంపర్డ్ గాజు ఉంటుంది. అది చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. కుక్కకు అన్నిటికన్నా దూరంగా ఉన్న పక్క కిటికీని ఎంచుకుని, నడిమధ్యలో కాకుండా మూల మీద, గట్టి మొనదేలిన వస్తువుతో కొట్టండి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, ముఖం పక్కకు తిప్పుకోండి. తలుపు తెరవగానే భయపడిన కుక్క కరవొచ్చు, రోడ్డు మీదికి పరిగెత్తొచ్చు. బెల్టో చున్నీయో ముడివేసి సిద్ధంగా పెట్టుకోవడం మరిచిపోకండి.

అపోహ: కుక్కకేమీ కాలేదు కాబట్టి యజమాని మీద కేసు ఉండదు

భారతదేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్, అనవసరమైన బాధ కలిగించడాన్నే నేరంగా చూస్తుంది, చావు దాకా రానక్కర్లేదు. తగిన శ్రద్ధ తీసుకోని యజమాని కూడా నేరం చేసినట్టేనని అదే సెక్షన్ చెబుతుంది. "మరిచిపోయాను" అన్నది అక్కడ జవాబు కాదు. జరిమానా మాత్రం మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలే, దశాబ్దాల కిందటి అంకె అలాగే ఉండిపోయింది. నాకు ఇది చాలా కోపం తెప్పించే విషయం. కాలిఫోర్నియాలో గాయం లేకపోతే ఒక్కో జంతువుకు 100 డాలర్ల దాకా, తీవ్రమైన హాని జరిగితే 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. ఇంగ్లండులో జంతు హింసకు గరిష్ఠ శిక్షను 2021లో ఐదేళ్లకు పెంచారు.

అపోహ: వెంటనే తడి టవల్ చుట్టి ఆసుపత్రికి పరిగెత్తాలి

ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. దారిలో గడిచే ఇరవై నిమిషాలూ లోపల అవయవాలు ఉడుకుతూనే ఉంటాయి. నీడలోకి తీసుకెళ్లి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, గజ్జలు, చంకలు తడిసేలా నీళ్లు పోస్తూనే ఉండండి. పక్కనే ఎవరైనా అట్టతో విసరండి, ఫ్యాన్ ఉంటే పెట్టండి. నీళ్లు మరీ చల్లగా ఉంటే ప్రమాదమని మేమే ఒకప్పుడు చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ మాట మారింది. కుక్క ఒంటికన్నా చల్లగా ఉన్న ఏ నీళ్లైనా పనికొస్తాయి. గోరువెచ్చని నీళ్ల కోసం వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోవద్దు. ఒంటి మీద కప్పిన తడి టవల్ కాసేపటికే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది, కప్పకండి. స్పృహలో ఉంటే తాగడానికి నీళ్లు ముందు పెట్టండి. నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటర్ ఉంటే, ఒంటి వేడి 39.5కి వచ్చాక నీళ్లు పోయడం ఆపేయండి, ఆపకపోతే వేడి మరీ కిందికి జారిపోతూ ఉంటుంది. అప్పుడు బండి కిటికీలు తెరిచో, ఏసీ వేసో బయల్దేరండి.

అపోహ: లేచి తోక ఊపింది, గండం గడిచింది

ఆ లాబ్రడార్ కూడా రాత్రికి లేచింది. తోక ఊపింది. ఆయన దాని నుదుటి మీద నుదురు ఆనించి చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు. ఇంటికి తీసుకెళ్తానంటే నేను ఒప్పుకోలేదు. వడదెబ్బ దెబ్బ ఆ రోజుతో పోదు. పేగు లోపలి పొర ఊడిపోయి నెత్తురు విరేచనాలు కావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. రక్తం గడ్డకట్టే గుణం తప్పి ఎక్కడపడితే అక్కడ కారొచ్చు. ఇవన్నీ ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడతాయి. రెండో రోజు దాని పొట్ట చర్మం మీద ఊదా రంగు మచ్చలు కనిపించాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మూడు రోజులు నిద్రలేకుండా కొట్లాడాం. నాలుగో రోజు తెల్లవారుజామున అది పోయింది.

కాబట్టి కారులోంచి తీసిన కుక్క మామూలుగానే కనిపిస్తున్నా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. యజమాని వచ్చి మీ మీద కేకలు వేసినా వాదనకు దిగకండి. ఎన్ని గంటలకు చూశారు, ఎలా ఉంది, ఎంతసేపు నీళ్లు పోశారు అన్నది కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టండి. మొదట మాకు కావాల్సింది ఆ కాగితమే.