జెర్సీలు కొంటే ఫుట్‌బాల్ క్లబ్ గట్టెక్కుతుందా? అపోహలు - వాస్తవాలు

2023 నవంబరులో, నష్టాలు పరిమితి దాటాయని, లివర్‌పూల్‌లోని ఎవర్టన్ క్లబ్‌కు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ 10 పాయింట్లు కోసేసింది. ఆ రాత్రే లివర్‌పూల్‌లో ఎంఎస్సీ చదువుతున్న కుర్రాడొకడు నాకు ఫోన్ చేశాడు. ఊళ్లో మా పిన్ని వాళ్ల వీధివాడు. "అక్కా, మా గ్రూపులో తలా రెండు జెర్సీలు కొందామనుకుంటున్నాం. క్లబ్‌కు ఆదాయం పెరిగితే పాయింట్లు వెనక్కిస్తారా?" అన్నాడు. ముందు నవ్వొచ్చింది. గొంతులో వణుకు విన్నాక నవ్వు ఆగిపోయింది. వాడు శని, ఆదివారాలు గోడౌన్‌లో పెట్టెలు మోస్తాడు. రెండు జెర్సీలంటే వాడికి రెండు రోజుల కూలి.

నేను మాంచెస్టర్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌ని. పదకొండేళ్లుగా చిన్న కంపెనీల ఆడిట్లు చేస్తున్నాను. వాటిలో కింది డివిజన్ల ఫుట్‌బాల్ క్లబ్బులు రెండున్నాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఉగాదికి కలిసినా, ఎవరింట్లో పుట్టినరోజుకు వెళ్లినా నన్ను అడిగేవి ఈ ప్రశ్నలే. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

అపోహ: అభిమానులు జెర్సీలు కొంటే ఆటగాడి ధర వచ్చేస్తుంది, క్లబ్ నిలబడుతుంది.

జనం జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టేది ఇదే.

ముందు మావాడి లెక్క చూద్దాం. అప్పటి ప్రీమియర్ లీగ్ పీఎస్ఆర్ నిబంధన, అంటే క్లబ్బుల నష్టాలకు హద్దు పెట్టే నిబంధన ప్రకారం, క్లబ్ మూడేళ్ల లెక్కలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదు. ఎవర్టన్ నష్టం 12.45 కోట్లు తేలింది. అంటే 1.95 కోట్ల పౌండ్లు ఎక్కువ. ఇదంతా 2021-22 సీజన్‌తో ముగిసిన కాలానికి సంబంధించిన లెక్క. 2023 నవంబరులో కొన్న జెర్సీ ఆ ఖాతాలోకి వెళ్లదు. ఫలితాలు కూడా వచ్చేసిన పరీక్షకు ఇప్పుడు కూర్చుని చదివినట్టు ఉంటుంది.

పోనీ, వెళ్తుందనే అనుకుందాం. జెర్సీ ధర 80 పౌండ్లు అనుకోండి. అందులో 13 పౌండ్ల పైచిలుకు వ్యాట్ కింద సర్కారుకు పోతుంది. మిగిలిన 66 పౌండ్లలో సగం దుకాణానిది అనుకుంటే, తయారీ కంపెనీ చేతికి వచ్చేది 33. బట్ట, కుట్టు, ఓడ ఛార్జీలు, కంపెనీ లాభం అన్నీ అందులోంచే. క్లబ్‌కు వచ్చేది ఆ 33 మీద రాయల్టీ. ఒప్పందాన్ని బట్టి శాతం మారుతుంది. పది శాతం అనుకుంటే మూడు పౌండ్ల ముప్పై పెన్నీలు. చేయి కాస్త జారవిడిచి అయిదు పౌండ్లు వేద్దాం. 1.95 కోట్లను అయిదుతో భాగిస్తే 39 లక్షల జెర్సీలు. ఎవర్టన్ అప్పటి స్టేడియం గుడిసన్ పార్క్‌లో పట్టేది సుమారు 39 వేల మంది. అంటే స్టేడియం నిండా ఉన్న జనం తలా వంద జెర్సీలు కొనాలి. చంకలో పసిపిల్లతో సహా.

ఇదే ఫోన్లో చెబితే అవతల కాసేపు మాట లేదు. "మరి రొనాల్డో విషయంలో అలా జరిగిందన్నారు కదా అక్కా?" అన్నాడు చివరికి.

ఎదురుచూస్తూనే ఉన్నాను ఆ ప్రశ్న కోసం. 2018లో రొనాల్డోను యువెంటస్ కొన్నప్పుడు ఒక్క రోజు జెర్సీల అమ్మకంతోనే సగానికి పైగా డబ్బు వచ్చేసిందని వాట్సాప్‌లో తిరిగింది. ఇప్పటికీ ఏడాదికోసారి ఆ మెసేజ్ నా ఫోన్‌కు వస్తుంది, పేరు మాత్రం మారుతుంది. ఆ మెసేజ్ రాసినవాడు దుకాణంలో చీటీ మీద ధరంతా క్లబ్ గల్లాపెట్టెలో పడిందనుకున్నాడు. వాస్తవానికి క్లబ్ కట్టిన ధర 10 కోట్ల యూరోలు. ఒప్పందం నాలుగేళ్లు కాబట్టి ఏటా రెండున్నర కోట్లు ఖాతాల్లో ఖర్చు రాయాలి, దాని మీద జీతం. జెర్సీకి అయిదు యూరోలు మిగిలినా, ఒక్క ధర రాబట్టడానికే రెండు కోట్ల జెర్సీలు అమ్మాలి. ఇంకోటి, రొనాల్డో పేరున్న జెర్సీ కొన్నవాళ్లలో చాలామంది అతను రాకపోతే వేరే పేరుతో కొనేవాళ్లే. దాన్ని కొత్త అమ్మకం అనడానికి లేదు. 2020-21లో యువెంటస్ చూపిన నష్టం దాదాపు 21 కోట్ల యూరోలు. కోవిడ్ దెబ్బ కూడా అందులో ఉంది, కాదనను. 2021 ఆగస్టులో అతను వెళ్లిపోయాడు.

అసలు డబ్బు వచ్చే దారి వేరు. తయారీ కంపెనీ క్లబ్‌కు ఏడాదికి ఇంతని ముందే ఒప్పుకుంటుంది. మాంచెస్టర్ యునైటెడ్‌తో 2015లో మొదలైన అడిడాస్ ఒప్పందం పదేళ్లకు 75 కోట్ల పౌండ్లు. రెండు సీజన్లు వరుసగా చాంపియన్స్ లీగ్‌కు, అంటే యూరప్ మేటి క్లబ్బుల పోటీకి, వెళ్లకపోతే కోత పెట్టే షరతు కూడా అందులో ఉండేది. అంటే మీ కొనుగోలు కంటే జట్టు గెలుపోటములే ఆ డబ్బును ఎక్కువ కదిలిస్తాయి. అమ్మకాలు బాగుంటే వచ్చే ఒప్పందం పెద్దదవుతుంది, నిజమే. క్లబ్ సొంత దుకాణంలో కొంటే దుకాణం వాటా కూడా క్లబ్‌కే మిగులుతుంది. కానీ ఆ దుకాణాన్ని కూడా బయటివాళ్లకు అప్పజెప్పే క్లబ్బులున్నాయి.

ఇక్కడొకటి చెప్పాలి. ఒక ఏడాది జూన్ 30న ఒక చిన్న క్లబ్ దుకాణంలో సరుకు లెక్కపెట్టడానికి వెళ్లాను. వెనక గదిలో ఒకే పేరు, ఒకే నంబరున్న జెర్సీలు పద్నాలుగు పెట్టెలు. ఎవరీయన అని అడిగితే, కొట్టులో పనిచేసే పెద్దాయన తలగోక్కుని, ఆ ఆటగాణ్ని జనవరిలో వేరే క్లబ్‌కు అమ్మేశాం అన్నాడు. పేరు ముద్రించిన సరుకు కాబట్టి తిప్పి పంపడానికి లేదు. ఎంత ధర వేయమంటారు అని మేనేజర్ నన్నే అడిగాడు. సున్నా వేయించాను. నేల తుడవడానికి ఇవ్వొచ్చు కదా అంటే ఆ పెద్దాయన, "పాలిస్టర్ అమ్మా, నీళ్లు పీల్చదు" అన్నాడు. జెర్సీల వ్యాపారం గురించి నాకు తెలిసిన మంచి మాట అదే.

మరి జెర్సీ కొనొద్దా? కొనండి. వేసుకోవాలని ఉంటే కొనండి, పండక్కి బట్టలు కొన్నట్టు. ఏడాదికి మూడు రకాలు దింపుతున్నారు కదా అని మూడూ కొనక్కర్లేదు. కొనకపోతే క్లబ్‌కు ద్రోహం చేసినట్టు దిగులు పడొద్దు. అప్పు చేసి మాత్రం అస్సలు కొనొద్దు.

అపోహ: సీజన్ టికెట్ (సీజన్‌లో సొంత మైదానం మ్యాచ్‌లకు ముందే కొనే టికెట్) డబ్బుకు ఢోకా లేదు, క్లబ్ ఎక్కడికీ పోదు.

పెద్ద క్లబ్బుల్లో టీవీ డబ్బు ముందు గేటు డబ్బు చిన్నదే. కింది డివిజన్లలో సంగతి వేరు. అక్కడ గేటు దగ్గర కట్టిన పదిహేను, ఇరవై పౌండ్లు, సగం ఆట అయ్యాక విరామంలో తాగే టీ, తినే మీట్ పై, ఇవి నిజంగా జీతాలవుతాయి. అందుకే సీజన్ టికెట్లు ఆట మొదలయ్యే ఆగస్టుకు నెలల ముందే, వసంతంలోనే అమ్మకానికి పెడతారు. వేసవిలో మ్యాచ్‌లుండవు, జీతాలుంటాయి. మీరిచ్చిన డబ్బు జులై జీతాలకే అయిపోవచ్చు. ఖాతాల్లో అది ఆదాయం కాదు, మీకు క్లబ్ పడిన బాకీ. ఆట ఆడించాకే ఆదాయమవుతుంది.

ఆట ఆడించకపోతే? 1885లో పుట్టిన బరీ క్లబ్‌ను 2019 ఆగస్టులో లీగ్ నుంచి తీసేశారు. మాంచెస్టర్ నుంచి ట్రామ్ ఎక్కితే అరగంటలో చేరే ఊరది. సీజన్ టికెట్ కొన్నవాళ్లు టికెట్లు చేతిలో పట్టుకుని మూసిన గేటు ముందు నిలబడ్డారు. క్లబ్ కుప్పకూలితే ముందు తోటి క్లబ్బుల బాకీలు, ఆటగాళ్ల బాకీలు పూర్తిగా తీర్చాలన్నది ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నియమం. లేకపోతే లీగ్‌లో చోటు దక్కదు. టికెట్ కొన్న మీరు, పాలవాడు, ప్రింటింగ్ ప్రెస్ వాడు, అందరూ చివరి వరసలో. మ్యాచ్‌ల దగ్గర ప్రథమ చికిత్స చేసే సేవాసంస్థ కూడా ఆ వరసలో నిలబడిన సందర్భాలున్నాయి.

పెద్ద పేరున్న క్లబ్ అయినా అంతే. లీడ్స్ యునైటెడ్ 2001లో రాబోయే సంవత్సరాల టికెట్ల ఆదాయాన్ని చూపించి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. చాంపియన్స్ లీగ్ ఏటా ఆడతామనుకుంది. ఆడలేదు. 2004లో ప్రీమియర్ లీగ్ నుంచే దిగిపోయింది. 2010లో పోర్ట్స్‌మత్ ప్రీమియర్ లీగ్‌లో ఉండగానే అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి (దివాలా పర్యవేక్షణలోకి) వెళ్లింది. తర్వాత 2013లో అభిమానుల ట్రస్టే ముందుకొచ్చి దాన్ని కొనుక్కుంది.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు సీజన్ టికెట్‌ను క్రెడిట్ కార్డుతో కొనండి. 100 పౌండ్లు దాటి 30 వేల లోపు ఉన్న కొనుగోలుకు 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 రక్షణ ఉంటుంది. క్లబ్ మునిగితే కార్డు బ్యాంకును అడగొచ్చు. ఈ ఒక్కటి గుర్తుంచుకున్నా నా రాత వృథా పోలేదనుకుంటాను. ఇంకోటి, అక్కడి ఏ క్లబ్ ఖాతాలైనా కంపెనీలను నమోదు చేసే సర్కారీ సంస్థ కంపెనీస్ హౌస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుకారు పంపేముందు ఆడిటర్ రిపోర్టు చూడండి. 'గోయింగ్ కన్సర్న్' దగ్గర, అంటే క్లబ్ ఇకముందు నడుస్తుందా అన్నచోట, గట్టి అనుమానం ఉందని రాసి ఉంటే అప్పుడు భయపడండి.

అపోహ: ఓనర్లు క్లబ్ మీద డబ్బులు దండుకుంటారు.

ఇది మనవాళ్లు అడిగే పద్ధతే వేరు. "బ్లాక్‌బర్న్ మన తెలుగువాళ్లదట కదా, బాగా గిట్టుబాటవుతోందా?" అని. కోళ్ల వ్యాపార సంస్థ వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన బి.వి. రావు గారి కుటుంబం, అంటే వెంకీస్ వాళ్లు, 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2.3 కోట్ల పౌండ్లకు కొన్నారు. అప్పటి నుంచి అందులో పోసింది 20 కోట్ల పౌండ్ల పైమాటే. 2012 మేలో విగాన్‌తో మ్యాచ్ మధ్యలో అభిమానులు క్లబ్ జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. ఆ రోజు 1-0తో ఓడి జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. డబ్బు పోసినంత మాత్రాన మంచి యాజమాన్యం అనిపించుకోదు, తిట్లు తిన్నంత మాత్రాన దండుకున్నట్టూ కాదు. రెండో డివిజన్‌లో కొన్ని సీజన్లలో క్లబ్బులన్నిటి జీతాలు కలిపితే వాటి మొత్తం ఆదాయాన్నే దాటాయి. అక్కడ గిట్టుబాటు మాటెక్కడిది?

దీనికి తిరగేసిన కథ గ్లేజర్ కుటుంబానిది. 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌ను కొనడానికి తెచ్చిన అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్ నెత్తిమీదే పెట్టారు. కోపమొచ్చిన కొందరు అభిమానులు అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ అనే సొంత క్లబ్ పెట్టుకున్నారు. 2010లో ఎందరో ఎర్ర కండువాలు పక్కనపెట్టి, క్లబ్ పాత పేరు న్యూటన్ హీత్ నాటి రంగులైన ఆకుపచ్చ, బంగారు వన్నె కండువాలు కప్పుకుని వచ్చారు.

అపోహ: ఆటగాణ్ని పది కోట్లకు కొన్నారంటే ఈ ఏడాది పది కోట్ల నష్టం.

కాదు, ఒప్పంద కాలానికి పంచి రాస్తారు. 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌ను 10.68 కోట్ల పౌండ్లకు ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం మీద తీసుకుంది. ఏడాదికి పడేది కోటీ పాతిక లక్షలు. ఆ ఏడాది డిసెంబరులో ప్రీమియర్ లీగ్ ఈ పంపకాన్ని అయిదేళ్లకు పరిమితం చేసింది. నగదు ఎప్పుడు కడతారన్నది మళ్లీ వేరే కథ.

అపోహ: ఫ్యాన్ టోకెన్ కొంటే క్లబ్‌లో వాటా.

వాటా లేదు, గీటా లేదు. అది క్రిప్టో. గోల్ కొట్టాక ఏ పాట వేయాలి లాంటి వాటి మీద ఓటు వస్తుంది. ఆర్సెనల్ టోకెన్ ప్రకటనలను 2021 డిసెంబరులో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుపట్టింది. మీ పిల్లల ఫోన్లో అది ఉంటే ఈ రాత్రే తీయించండి.

హైదరాబాద్ గురించి కూడా అడుగుతారు. మా అన్నయ్య కొడుకు పసుపు జెర్సీ వేసుకుని గచ్చిబౌలి వెళ్లేవాడు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టినప్పుడు ఇల్లు పీకి పందిరేశాడు. రెండేళ్లు తిరక్కుండానే జీతాలందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. "అత్తా, మేమింకా ఎక్కువమంది వెళ్లి ఉంటే ఉండేదా?" అని అడిగాడు. ఉండేది కాదురా అన్నాను. మనదేశంలో గేటు డబ్బుతో నడిచే స్థాయికి లీగ్ ఇంకా రాలేదు. అది నీ తప్పు కాదు.

లివర్‌పూల్ కుర్రాడి సంగతి. 2024 ఫిబ్రవరిలో అప్పీలులో 10 పాయింట్ల కోత 6కు తగ్గింది, ఏప్రిల్‌లో ఇంకో కేసులో 2 పోయాయి, అయినా ఎవర్టన్ దిగిపోలేదు. దేనికీ మావాడి జెర్సీ అవసరం పడలేదు. మొన్న ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు పాత నీలం జెర్సీలోనే వచ్చాడు. వీపు మీద పేరున్న ఆటగాడు వేరే క్లబ్‌కు వెళ్లి చాన్నాళ్లయింది. కూర ఒలికితే గుడ్డ కోసం చూశాను. "దీంతో తుడవకక్కా, నీళ్లు పీల్చదు" అన్నాడు.