మిరప కళ్ళంలో కమిలిన మెడ

గుంటూరు చుట్టుపక్కల మిరప కళ్ళాల్లో పొద్దుటి నుంచీ వంగి తాలుకాయలు ఏరే ఆడవాళ్ళను దగ్గరగా చూస్తే, జాకెట్టు అంచుకూ జుట్టుముడికీ మధ్యనున్న మెడ మిగతా ఒంటికన్నా నల్లబడి, బిగుసుకుపోయి కనిపిస్తుంది. చామనచాయ వాళ్ళను ఎండ ఏమీ చేయదన్న నమ్మకం మనలో ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపు కాసే మాట నిజమే గాని, కమలడం మన చర్మానికీ తప్పదు. ఎరుపు పైకి అంతగా కనబడదు కాబట్టి మంట, వేడి, బిగువులను బట్టే దానిని గుర్తుపట్టాలి.

చర్మాన్ని ఇలా కమిలించేది ఎండలోని వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు, ముఖ్యంగా 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల యూవీ-బి. అవి పైచర్మపు కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీయగా, ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలు విడుదలై, రక్తనాళాలు వెడల్పై, ఆ చోటు వేడెక్కి సలుపుతుంది. ఇందుకు కొన్ని గంటలు పడుతుంది కనుకనే కళ్ళంలో తెలియని మంట రాత్రి పడుకోబోయేటప్పుడు తెలుస్తుంది, 12 నుంచి 24 గంటలకు ముదురుతుంది. బాగుపడలేనంతగా దెబ్బతిన్న కణాలు తమంతట తామే చనిపోతాయి. కొన్నాళ్ళకు పొరలుగా లేచేది అవే, వాటిని గిల్లి లాగకూడదు.

అందుచేత మంట ముదిరేదాకా ఆగకుండా, ఇంటికి రాగానే కుండనీళ్ళలో తడిపిన పాత నూలుగుడ్డను 10, 15 నిమిషాలు మెడపై ఉంచి, అది వేడెక్కినప్పుడల్లా మళ్ళీ తడిపి వేయాలి. ఐసుముక్క నేరుగా పెట్టకూడదు. తడి ఆరకముందే సువాసన లేని మాయిశ్చరైజర్ గాని, కలబంద గుజ్జు గాని పలుచగా రాయాలి. కలబంద మట్టను కోశాక పసుపుపచ్చని జిగురు కారిపోనిచ్చి, కడిగి, లోపలి గుజ్జునే వాడాలి, ఆ జిగురుకు కొందరి చర్మం దురద పెడుతుంది. వెన్న, నెయ్యి వేడిని లోపలే ఆపుతాయి. నిమ్మరసం మరీ చేటు, అందులోని ఫ్యూరనోకౌమరిన్లనే రసాయనాలు మళ్ళీ ఎండ తగిలితే చర్మాన్ని ఇంకా కాలుస్తాయి.

మిరపకాయల్లో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో దాదాపుగా కరగదు కాబట్టి చేతులను సబ్బుతో బాగా రుద్ది కడుక్కున్నాకే కమిలిన చోటును తాకాలి. బొబ్బలను చిదపకూడదు. అవి పెద్ద మేర లేచినా, జ్వరం, వాంతులు, తల తిరగడం తోడైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అది వడదెబ్బ కూడా కావచ్చు.

కళ్ళం పక్కన ఒక పరదా నీడ వేయించడం రైతుకు మోయలేని ఖర్చు కాదని నా అభిప్రాయం. అదీ లేక మరునాడు పనికి వెళ్ళక తప్పనివాళ్ళు పలుచని తెల్లగుడ్డకు బదులు ఒత్తుగా నేసిన ముదురురంగు నూలుగుడ్డను తల మీదుగా మెడ కప్పేలా చుట్టుకుంటే, ఆ కిరణాలు ఎక్కువగా దాని దగ్గరే ఆగిపోతాయి.