సేజ్‌బ్రష్ తిరుగుబాటు అడిగింది అమ్మకాన్ని కాదు

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూములు అమ్మాలన్న మాట మళ్లీ లేచింది. 2025 జూన్‌లో యూటా సెనేటర్ మైక్ లీ 20 నుంచి 30 లక్షల ఎకరాల అమ్మకాన్ని బడ్జెట్ బిల్లులో చేర్చాలని చూశారు. సొంత పార్టీలోనే వ్యతిరేకత రావడంతో నెలాఖరుకు వెనక్కి తగ్గారు. ఈ గొడవ వచ్చినప్పుడల్లా, కేంద్రం చేతిలోని భూములు తమవేనంటూ పడమటి రాష్ట్రాలు లేవదీసిన 1979 నాటి సేజ్‌బ్రష్ తిరుగుబాటు గుర్తుకొస్తుంది, దాన్ని ముందుండి నడిపిన నెవాడా శాసనసభ్యుడు డీన్ రోడ్స్ పేరూ వినిపిస్తుంది. అయితే ఆ తిరుగుబాటుకు కొనసాగింపే ఈ అమ్మకం అనుకోవడం సరికాదు. 1979లో జరిగింది అందరికీ తెలుసు. అసలు సంగతి 1982లో బయటపడింది.

రోడ్స్ రిపబ్లికన్. ఈశాన్య నెవాడాలో ఎల్కో కౌంటీకి చెందిన టస్కరోరాలో ఆయనకు పశువుల ర్యాంచ్ ఉండేది. అక్కడ ర్యాంచ్ అంటే ఇల్లు, నీళ్లున్న చోటు, గడ్డి కోసుకునే పల్లపు నేల మాత్రమే సొంతం. చుట్టూ ఉన్న కొండలు, మైదానాలు కేంద్రానివి. 1934 నాటి టేలర్ చట్టం ప్రకారం పర్మిట్ తీసుకుని, పుల్లరి కట్టి అక్కడ పశువులను మేపుకుంటారు. ఒక ఆవుకు, దాని దూడకు నెల మేతను ఒక లెక్కగా కట్టి రుసుము వసూలు చేస్తారు. 2019 నుంచి 2025 వరకు అది 1.35 డాలర్లు. రుసుము తక్కువే, కానీ ఆ నేలలో గడ్డి కూడా అంతే పలుచన. ర్యాంచ్ కొనేటప్పుడు పర్మిట్ విలువనూ ధరలో కలుపుతారు. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడూ దాన్ని చూస్తుంది. పర్మిట్‌లో పశువుల సంఖ్య తగ్గిస్తే ర్యాంచ్ విలువే పడిపోతుంది.

1970ల్లో ఆ భయమే పట్టుకుంది. మేత వల్ల నేలకు ఏం జరుగుతోందో ప్రాంతాల వారీగా పరిశీలించాలని 1974లో పర్యావరణ సంస్థలు కోర్టు తీర్పు తెచ్చుకున్నాయి. వాగుల ఒడ్లు పశువుల కాళ్ల కింద నలిగిపోతున్నాయన్న వాళ్ల వాదనలో నిజం ఉంది. 1976లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ మరో చట్టం చేసింది. ప్రభుత్వ భూములు ఇకపై కేంద్రం చేతిలోనే ఉంటాయన్నది దాని సారాంశం. ఎప్పటికైనా ఇవి తమ రాష్ట్రానికి వస్తాయని తరాలుగా అనుకుంటున్న ఎల్కో లాంటి చోట్ల అది తలుపు మూసేయడమే. రోడ్స్ శాసనసభకు ఎన్నికైందీ ఆ ఏడాదే.

1979లో ఆయన ముందుకు తెచ్చిన 413వ నంబరు బిల్లు, నెవాడాలో కేంద్రం చేతిలో ఉన్న సుమారు 4.9 కోట్ల ఎకరాలు రాష్ట్రానివని ప్రకటించింది. గవర్నర్ రాబర్ట్ లిస్ట్ సంతకం చేశారు. అరిజోనా, యూటా, న్యూమెక్సికో, వయోమింగ్ ఆ బాట పట్టాయి. 1980 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో రిపబ్లికన్ అభ్యర్థి రోనాల్డ్ రీగన్ తనూ తిరుగుబాటుదారుణ్నేనని చెప్పుకున్నారు.

రీగన్ గెలిచారు. భూముల శాఖ జేమ్స్ వాట్‌కు దక్కింది. మేత భూములను చూసే సంస్థకు కొలరాడో ర్యాంచర్, మాజీ శాసనసభ్యుడు రాబర్ట్ బర్ఫర్డ్ అధిపతి అయ్యారు. ఇక ర్యాంచర్లకు ఆఫీసులో తమ మాట వినేవాళ్లు దొరికారు. సరిగ్గా అప్పుడే, 1982లో, కేంద్రం అప్పులు తీర్చడానికి ప్రభుత్వ భూములు అమ్ముదామని వైట్ హౌస్ ఒక కమిటీ లాంటి బోర్డును నియమించింది.

ర్యాంచర్లకు అప్పుడు తెలిసింది, ఎదురుగా ఉన్న ప్రమాదం ఏమిటో. అమ్మకం అంటే వేలం. వేలంలో ఎవరైనా పాడొచ్చు. వడ్డీలు ఆకాశాన్నంటుతున్న రోజుల్లో, తాతల కాలం నుంచి మేపుకుంటున్న కొండను మార్కెట్ ధరకు కొనే స్థోమత ఎంతమందికి ఉంది? గనుల కంపెనీ కొంటే ఏం చేయాలి? వాళ్లు కోరుకున్నది మేత మీద పెత్తనం తమకు దగ్గరగా ఉండాలని. ఆ కొండలు డబ్బున్న బయటివాళ్ల పాలవ్వాలని వాళ్లెప్పుడూ అడగలేదు. పశువుల పెంపకందార్లలోనే వ్యతిరేకత వచ్చింది, వేటగాళ్లు, పర్యావరణవాదులు అంతకుముందే ఎదిరించారు. 1983లో వాట్ తన శాఖ భూములను ఆ కార్యక్రమం నుంచి తప్పించారు. తిరుగుబాటు వేడి కూడా అక్కడితో చల్లారింది. నా లెక్కలో దాన్ని ముగించింది కోర్టులు కాదు, ఈ అమ్మకం ప్రయత్నమే.

కోర్టుల్లో కూడా నెవాడాకు బలం లేదు. 1864లో రాష్ట్రంగా చేరేటప్పుడే ఖాళీ భూముల మీద హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చింది. ఆ మాటను తొలగించడానికి 1996లో ఓటర్లు ఒప్పుకున్నా, అది అమల్లోకి రావాలంటే కాంగ్రెస్ సమ్మతి గానీ కోర్టు తీర్పు గానీ కావాలి. ఆ మరుసటి ఏడాదే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఈ భూములు కేంద్రానివేనని తేల్చింది. యూటా 1.85 కోట్ల ఎకరాల కోసం వేసిన దావాను 2025 జనవరిలో సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు.

రాష్ట్రానికి ఇస్తే అమ్మరని నమ్మకం ఉందా అన్న ప్రశ్న ఎల్కోలో కూడా అడగాల్సిందే. 1880లో బడుల కోసం కేటాయించిన భూములకు బదులుగా నెవాడా 20 లక్షల ఎకరాలు ఎంచుకుని తీసుకుంది. వాటిలో దాదాపు అన్నీ అమ్మేసింది.

రోడ్స్ 1984లో నెవాడా రాష్ట్ర సెనేట్‌కు వెళ్లి 2012 దాకా అక్కడే ఉన్నారు. తిరుగుబాటు చల్లారాక కూడా ఎల్కో ఓటర్లు ఆయన్ను వదులుకోలేదు. 2018లో కన్నుమూశారు. ఆయన తెచ్చిన చట్టం నెవాడా పుస్తకాల్లో ఉంది, అమలు మాత్రం కాలేదు. ఇప్పుడు అమ్మకానికి పట్టుబడుతున్న వాళ్లు ఇళ్ల కొరత గురించి మాట్లాడుతున్నారు, మేత గురించి కాదు. పర్మిట్ ఉన్న భూమి అమ్ముడైతే పశువులు ఎక్కడికి పోవాలో ముందు వాళ్లు చెప్పాలి.